ఇంటిని నమ్ముకున్న పిట్టలు

మిద్దె మీద రెండు పావురాలను చెరో చంకన పెట్టుకుని బుడేన్ సాబు. కింద వాకిట్లో బోర్లించిన గంప మీద చెయ్యి వేసి ఆయన భార్య దాదాబీ. ఇద్దరి నడుమ మట్టి మెట్ల మీద, పైకి ఎక్కాలో కిందికి దిగాలో తేలని కదిరమ్మ. పోయిన వారం వాళ్ళను అక్కడే నిలబెట్టి వచ్చేశాం.

కదిరమ్మ పశువుల ఆస్పత్రి కాంపౌండరు ముత్యాలప్ప భార్య. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో గుమ్మఘట్ట ఆమెకు ఆరో ఊరు. మొదటి ఊరు కంబదూరులో పది నెలల కూతురిని జ్వరానికి పోగొట్టుకుంది. పాప పేరు ఓబులమ్మ. ఏడేళ్ళయింది. ఆ పేరును ఇంట్లో ఇద్దరూ ఎత్తరు. ఆ తరువాత యాడికి అనే ఊరు, ఆ తరువాత ఇంకో మూడు పల్లెలు. ఎక్కడా రెండేళ్ళు నిండింది లేదు. ప్రతి ఇంట్లోనూ ట్రంకుపెట్టెలో సగం సామాను అలాగే ఉండిపోయేది. బుడేన్ సాబు ఇంటి వెనక భాగంలో అద్దెకు దిగినాక మాత్రం ఆమె పెట్టె అడుగుదాకా ఖాళీ చేసింది. గోడకు మేకు కొట్టి చాట తగిలించింది. పెరట్లో ఏవైనా రెండు ప్రాణాలు తిరుగుతుంటే బాగుంటుందని మొగుడిని అడిగింది. పావురాలు వద్దు, కోళ్ళయితే తెస్తానన్నాడు ముత్యాలప్ప. ఎందుకు వద్దో మాత్రం చెప్పలేదు.

ఇంటాయన పావురాల మనిషి. ఇంటామె కోళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళుగా వాళ్ళకు అదొక్కటే తగాదా. ఇప్పుడు కొత్తగా పెంచబోయే మనిషి దొరికేసరికి ఇద్దరూ తలో రెక్క పట్టుకున్నారు. ఆదివారంలోగా చెప్పమని బుడేన్ సాబు గడువు పెట్టాడు. ఆ జత గుడ్లు పెట్టకముందే గూడు మార్చాలి, పెట్టినాక మారిస్తే పొదగవు.

ఆదివారం రానే వచ్చింది.

ఆ పొద్దున కదిరమ్మ వాకిలి రెండుసార్లు ఊడ్చింది. మొదటిసారి ఊడ్చినట్టే గుర్తులేదు. పొయ్యి మీద ఎసరు పెట్టి బయటికొచ్చి ఆకాశం చూసింది, లోపలికి పోయి ఎసరు చూసింది. మూడేళ్ళుగా వాన ఇవ్వని ఆకాశమే అది, కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది. ఎండ ఇంకా గోడ దిగకముందే మిద్దె మెట్లు వేడెక్కాయి. ఆమె ఆ మెట్లు ఎక్కింది.

బుడేన్ సాబు పిట్టగోడ నీడలో గొంతుకూర్చుని జొన్నలు చల్లుతున్నాడు. అరవై దాటిన మనిషి. ఒకప్పుడు గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. జట్కాలు పోయి బస్సులు వచ్చినాక చేతిలో పని పోయింది, పావురాలు మిగిలాయి.

"వచ్చినావా అమ్మా. నిన్న రాత్రే చెప్తావనుకుంటి" అన్నాడు.

"అడిగేది ఇంకా ఉండాది పెద్దనాయనా. నేను చిన్నప్పటినుంచి గొర్రెల్లో పెరిగినదాన్ని. పిట్టలు నాకు కొత్త. చేత్తో పట్టుకుంటే చచ్చిపోతాయేమోనని భయం."

ఆయన నవ్వి, బూడిదరంగు పావురాన్ని ఒడుపుగా అందుకున్నాడు. కాళ్ళు రెండు వేళ్ళ నడుమ, రొమ్ము అరచేతిలో. రెక్క విప్పి చూపించాడు.

"ఈ పెద్ద ఈకలు ఉండాయి చూడు. వీటిని దారంతో కడతాం. ఊరికే వదులుగా, నొప్పి లేకుండా. నెల దినాలు విప్పగూడదు. ఆ నెలంతా అది ఎగరలేదు. గూటి వాకిట్లో కూచోని ఇల్లు చూస్తాది. నువ్వు పొయ్యి ఊదేది చూస్తాది, ఆ గోడ చూస్తాది, ఆపక్క కానగచెట్టు చూస్తాది. అన్నీ కంట్లో ఏసుకుంటాది. ఆమీద రెండు గుడ్లు పెడతాది. పగలు మగది, రాత్రి ఆడది, వంతులేసుకుని పొదుగుతాయి. పిల్లలు లేచినాక దారం విప్పెయ్. యాడన్నా పోనీ, సందేళకి ఈడ దిగకుంటే నా పేరు మార్చు."

"ఇల్లు మారితే?"

"ఎవురు, నువ్వా, అదా?"

"నేనే."

బుడేన్ సాబు పావురం తల నిమిరాడు. "నువ్వు మారితే అది రాదమ్మా. వచ్చినా ఉండదు. రాయదుర్గంలో ఒగాయనకి ఒగ జత ఇచ్చినా. మేడ మీద చెక్కగూడు చేయించినాడు, సంవత్సరం పెట్టుకున్నాడు. తలుపు తీసిన దినమే, మిట్టమధ్యాన్నం, ఈ గోడ మీద దిగినాయి. కోడి అయితే మేత పెట్టే మనిషిని చూసుకుంటాది. ఇది మనిషిని చూసుకోదు, ఇంటిని నమ్ముకుంటాది."

ఆ మాట కదిరమ్మకు ఎక్కడో తగిలింది. ఇల్లు కదలనివ్వని పిట్ట. రెక్కలుండి కూడా ఒక గోడను పట్టుకుని ఉండే పిట్ట. కాంపౌండరు గారిని ఫలానా ఊరికి వేశారు అని ఎవరో కాగితం పంపితే, మా ఇంట్లో పావురాలున్నాయి, మేం రాలేం అని చెప్పడం కుదరదని ఆమెకు తెలుసు. తెలిసినా, అలా చెబుతున్నట్టు ఊహించుకుంటే కాలు నిలకడగా నేల మీద ఆనింది.

కిందనుంచి దాదాబీ గొంతు వచ్చింది. "ఆయప్ప చెప్పేది అయిపోతే ఈ పక్కకి రా కదిరమ్మా. నాది గూడా విను."

కదిరమ్మ దిగింది. దాదాబీ గంప ఎత్తింది. కింద నల్లపెట్ట ఒకటి రెక్కలు దులుపుకుని లేచి, ఇద్దరినీ చెరో కంటితో చూసి, గోడవారకు పోయి గీరడం మొదలుపెట్టింది.

"గింజలు లేని కాలంలో గింజలు తినే పిట్ట ఏంటికమ్మా? మనకే జొన్నలు లేక కొర్రగంజి తాగుతాండాం. మా ఆయన నోట్లోది తీసి వాటికి చల్లుతాడు. ఇది చూడు, చెదలు తింటాది, తేలును తింటాది, నీ తట్టలో మిగిలిన సంగటి తింటాది. పదైదు గుడ్లు పెట్టి పొదుగు కూచుంటే ఇరవై ఒక్క దినానికి పిల్లలు. గద్దను చూసుకోవాల, ముంగిసను చూసుకోవాల, సందేళకి గంప మూసి రాయి పెట్టాల. అంతే పని."

"కొక్కెర రోగం వస్తే వాడవాడంతా పోతాయంట గదా పెద్దమ్మా."

"సూదిమందు పొడిచే మొగుడిని ఇంట్లో పెట్టుకుని నువ్వు రోగం మాట మాట్లాడొచ్చునా?" అంది దాదాబీ. "మా అమ్మ నన్ను ఈ ఇంటికి పంపినప్పుడు గంపలో ఒగ పెట్టను పెట్టి పంపింది. ఈ నల్లది దాని మనమరాలి మనమరాలో ఏమో. మనిషి యాడికి పోతే ఆడికి వస్తాది కోడి. తోడంటే అది."

"మీరు కోస్తారు గదా."

"పేరు పెట్టినదాన్ని కొయ్యం. పేరు పెట్టనిదాన్ని కోస్తాం."

"దీని పేరేంది?"

"పెడదామనుకుంటాండా" అంది దాదాబీ, పెట్టవైపు చూడకుండా.

కదిరమ్మకు నవ్వొచ్చింది. ఆ వారంలో అదే మొదటిసారి. దాదాబీ చెప్పిందాంట్లో తప్పు లేదు. కొత్తగా పెంచేవాళ్ళకు కోడి సులువు, కరువుకాలానికి కోడి మేలు. కానీ మనిషి యాడికి పోతే ఆడికి వస్తాది అన్న మాటతోనే ఆమె మనసు కోడి మీదనుంచి దిగిపోయింది. యాడికైనా పోయే సామాను ఆమె దగ్గర చాలానే ఉంది.

తలెత్తి, "పెద్దనాయనా, ఆ జత నాకే" అంది.

పని గబగబా జరిగిపోయింది, ఆలస్యమైతే ఎవరైనా ఆపుతారేమో అన్నట్టు. రెండు పాతకుండలు పక్కకు పడుకోబెట్టి, వెనక చూరు కింద గోడకు తాళ్ళతో బిగించారు. లోపల చీపురుపుల్లలు పరిచారు. బుడేన్ సాబు ఈకలకు దారం కడుతుంటే కదిరమ్మ ఆడపిట్టను పట్టుకుంది. అరచేతిలో దాని గుండె, గుప్పిట్లో పట్టిన మిడతలా కొట్టుకుంటోంది. ఎర్రకన్ను ఆమెవైపు తిరిగి ఆగింది. ఇది నన్ను కంట్లో వేసుకుంటోంది అనుకుంది కదిరమ్మ.

మిట్టమధ్యాహ్నానికి ముత్యాలప్ప వచ్చాడు. ఆదివారం అయినా గాలికుంటు రోగమొచ్చిన ఎద్దులు వస్తున్నాయని ఆస్పత్రికి పోయినవాడు. ముప్పై ఐదేళ్ళ మనిషి, సన్నగా, ఎప్పుడూ ఫినాయిలు వాసనతో ఉంటాడు. చేతిలో మూతగంప. మూతను పురికొసతో చుట్టూ కుట్టేసి ఉంది. సందుల్లోంచి పసుపు ముక్కు ఒకటి బయటికి పొడుస్తోంది.

చూరు కింద కుండలు చూసి ఆగిపోయాడు.

"ఇవి ఎవురు కట్టినారు?"

"నేనే. పెద్దనాయన తాడు పట్టినాడు."

"కోళ్ళు తెస్తానని చెప్పినా గదా."

"నాకు పావురాలే నచ్చినాయి."

అతను గంపను జగిలి మీద, అంటే వీధరుగు మీద, జాగ్రత్తగా దించాడు. ముఖం మీద కోపం లేదు. ఏదో లెక్క తప్పినవాడి తడబాటు ఉంది. ఆస్పత్రిలో రైతులతో మాట్లాడే గొంతు తెచ్చుకున్నాడు.

"చూడు కదిరీ. మొదటిసారి పెంచేటోళ్ళకి పావురాలు కష్టం. గోడంతా రెట్ట. పిల్లి మిద్దె మీదినుంచి వస్తాది, ఆపలేవు. రోగం వస్తే నాకు తెలిసిన మందు లేదు. కోడికైతే అన్నీ ఉండాయి. ఇవి రెండు పెట్టలు, ఒగ పుంజు. మంచి ఒడ్డుపొడుగు. బయ్యన్న తోటలో ఏరి తెచ్చినా."

"నీకు తెలీని రోగం పెద్దనాయనకు తెలుసు. పిల్లికి కంపలు పెడతాం."

"ఈ గంప గూడా చూడు. ఊరికే తేలేదు, మేదరోళ్ళకి చెప్పి అల్లించినా. సందులు పెద్దవి పెట్టినారు, ఊపిరాడతాది. తాడేసి కడితే బస్సు మీద ఎంత దూరమైనా కదలదు."

అనేసి ఆగిపోయాడు.

కదిరమ్మ చేతిలో జొన్నల చాట ఉంది. దాన్ని నేల మీద పెట్టింది. ఒక్క గింజ కూడా ఒలకలేదు.

"బస్సు మీద ఏంటికప్పా?"

ముత్యాలప్ప తొట్టి దగ్గరికి పోయి చెంబు ముంచాడు. కాళ్ళు కడుక్కున్నాడు. కడిగిన కాళ్ళే మళ్ళీ కడిగాడు. నీళ్ళు అంత ధారాళంగా పోసే రోజులు కావవి.

"ఎన్నో తేదీకి పోవాల?" అంది ఆమె.

"పదైదు దినాల్లో చేరాల."

పైన పిట్టగోడ దగ్గర బుడేన్ సాబు దగ్గు వినబడి, తరువాత అడుగులు అవతలి పక్కకు పోయాయి. దాదాబీ తన నల్లపెట్టను చంకన పెట్టుకుని లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. వాకిట్లో ఇద్దరే మిగిలారు.

కదిరమ్మకు ఒక్కసారిగా ఆరు ఇళ్ళూ కళ్ళముందు తిరిగాయి. ఆరు పొయ్యిలు, తనే అలికినవి. అలికిన తడి ఆరకముందే వచ్చే ఆ కాగితం. ప్రతిసారీ ముత్యాలప్ప ఒకటే మాట అనేవాడు, పైనోళ్ళు ఏస్తాండారు, మనమేం చేస్తాం అని. ఆమె నమ్మింది. వాన రాకపోవడాన్ని నమ్మినట్టే నమ్మింది.

"పోయి అడుగు" అంది. "ఎప్పుడూ అడగమని చెప్పలేదు నేను. ఈసారి చెప్తాండా. అనంతపురం పో, పెద్ద డాక్టరుకు దండం పెట్టు. ఇంకొక్క సంవత్సరం ఈడ ఉంచమని అడుగు. కావాలంటే నేనూ వస్తా."

"అట్లా కుదరదు."

"ఏంటికి కుదరదు?"

"అడిగి ఏయించుకున్నదాన్ని, వద్దని మళ్ళా ఎట్లా అడిగేది?"

కుండలోని మగపావురం గొంతు ఉబ్బించి గుర్రుమంది. కదిరమ్మ మొగుడి ముఖంలోకి చూసింది. అతను చెంబును చూస్తున్నాడు.

"అడిగి ఏయించుకున్నావా? ఇది ఒగటేనా?"

అతను చెంబును తొట్టి అంచు మీద బోర్లించాడు.

"యాడికి ఊరినుంచి వచ్చింది?"

"అదీ నేనే అడిగినా."

"ఆమీద పల్లెలు?"

"అన్నీ."

ఆమె గోడకు ఆనుకుంది. అరవలేదు. అరవడానికి కావలసిన బలం ఏదో ముందే ఖర్చయిపోయినట్టుంది. "కారణం చెప్పు" అంది.

"నువ్వే చెప్పినావు" అన్నాడు ముత్యాలప్ప. అతని గొంతులోంచి కాంపౌండరు పోయి మామూలు మనిషి బయటికొచ్చాడు. "కంబదూరులో, పాప పోయినాక. ఈ ఊళ్ళో బతకలేను, యాడికన్నా తీసకపో అన్నావు. తీసకపోయినా. యాడికిలో మళ్ళా ఒగనాడు పొయ్యికాడ కూచోని ఏడుస్తాంటే చూసినా. ఈ ఊరూ పడలేదనుకున్నా. ఆ పక్క పల్లెలోనూ అంతే. నువ్వు ఏడిస్తే నాకు ఇంకేం చేయాలో తెలీదు. బదిలీకి అర్జీ రాసేది ఒగటే తెలుసు."

"యాడికిలో నేను ఏడ్చింది ఎప్పుడో తెలుసునా నీకు?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"పక్కింటి నల్లప్ప పెండ్లానికి కాన్పు చేయించి వచ్చిన దినం. పురుటి బిడ్డను నా ఒళ్ళో పెట్టినారు. ఇంటికొచ్చి ఏడ్చినా. అది దుఃఖమో సంతోషమో నాకే తెలీలేదు. ఆ బిడ్డకు నీళ్ళు పోయాలని నేను రోజూ పోయేదాన్ని. నువ్వు నన్ను ఆ బిడ్డకాన్నుంచి ఎత్తుకుపోయినావు." గోడను వదిలి ముందుకొచ్చింది. "ఎందుకు ఏడుస్తాండావని ఒగ మాట అడిగింటే పోయేది గదా."

"అడిగితే పాప మాట వస్తాది."

ఆ మాట దగ్గర ఇద్దరూ నిలబడిపోయారు. ఏడేళ్ళుగా ఇంట్లో ఎవరూ తీయని తలుపు అది. తోసింది ముత్యాలప్పే అయినా, ముందు తల వంచుకుంది కూడా అతనే.

కదిరమ్మే మళ్ళీ ఎత్తుకుంది. "సరే. అవన్నీ నేను ఏడ్చినందుకు. ఈ ఊళ్ళో నేను ఏడవలేదు. గోడకు మేకు కొట్టినా. ఇప్పుడేంటికి అడిగినావు?"

"ఈసారి నీ కోసం కాదు."

"యా ఊరికి?"

అతను గంప దగ్గరికి పోయి, పురికొస ముడిని వేలితో తడిమాడు. లోపల కోళ్ళు కసకసమన్నాయి.

"కంబదూరుకు."

ఆమె ఒంట్లో ఎండ చల్లబడింది. ఆ ఊరి బోర్డు ఉన్న బస్సు ఎదురైతే ముఖం తిప్పుకునేది ఆమె. ఆ దారిలో ఉన్న చుట్టాల పెళ్ళిళ్ళకు పోవడం మానేసింది. అయినా ఇప్పుడు ఆ పేరు చెవిన పడగానే, భయం వెనకాల ఇంకొకటి కదిలింది. మెల్లగా, సిగ్గుపడుతున్నట్టు కదిలింది.

"ఆ వేపచెట్టు చూడొచ్చునేమో" అంది.

ముత్యాలప్ప తలెత్తాడు.

"నువ్వు చెప్పినావు గదా, పాపను వంకగట్టున వేపచెట్టు కింద పెట్టి వచ్చినానని. నీడ ఉండాదని. ఆడోళ్ళను రానియ్యరు, నేను చూడలేదు. ఏడేండ్లుగా కండ్లు మూసుకుంటే నాకు అదే కనబడతాది. ఈ పాటికి చెట్టు పెద్దదై ఉంటాది. యాడ వేపచెట్టు కనబడినా ఒగ నిమిషం నిలబడతా. నీకు తెలీదు."

"తెలుసు" అన్నాడు అతను. "నువ్వు నిలబడేది చూస్తాంటా. కదిరీ, ఆడ వేపచెట్టు లేదు."

"కొట్టేసినారా?"

"ఎప్పుడూ లేదు."

ఇక ఆపడం అతని చేతిలో లేకపోయింది. జగిలి మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ నడుమ పెట్టుకుని, నేలకు చెబుతున్నట్టు చెప్పాడు. ఆ పొద్దున పాపను తుండుగుడ్డలో చుట్టి ఎత్తుకుపోయింది నిజం. పక్కన ఆస్పత్రి అటెండరు ఎర్రప్ప పార తీసుకుని నడిచాడు. ఊరు దాటి వంక దారి పట్టేసరికి ముత్యాలప్ప చేతులు పట్టు తప్పాయి. పది నెలల బిడ్డ బరువు మోయలేక కాదు. బరువు లేకుండా పోవడం ఓర్చుకోలేక. దారి పక్కన ఒక మైలురాయి ఉంది. దాని మీద కూలబడి, బిడ్డను ఎర్రప్ప చేతుల్లో పెట్టాడు. ఎర్రప్ప ఒక్కడే పోయాడు, ఒక్కడే తిరిగి వచ్చాడు, వంక నీళ్ళలో చేతులు కడుక్కుని. యాడ పెట్టినావని ముత్యాలప్ప అడగలేదు. ఎర్రప్ప చెప్పలేదు.

"ఇంటికొచ్చినాక నువ్వు అడిగినావు, ఆడ నీడ ఉండాదా అని. లేదని ఎట్లా చెప్పేది? వేపచెట్టని నోటికొచ్చింది. యాడుండాదో నాకే తెలీదు కదిరీ. ఆ ఊళ్ళో ఉంటే ఒగనాడు నన్ను తీసకపొమ్మంటావని భయం. అందుకే మొదటి అర్జీ అంత తొందరగా పెట్టినా. నీ మాట మీదే పెట్టినానని నాకు నేను చెప్పుకున్నా."

కదిరమ్మ కళ్ళముందు వేపచెట్టు ఒక్కో కొమ్మే పోతోంది. ఏడేళ్ళు నీళ్ళు పోయకుండా పెంచిన చెట్టు. అది పూర్తిగా పోయినాక, అక్కడ మిగిలిన ఖాళీ నేలను చూసి అడిగింది.

"అంత భయమైనోడివి, ఇప్పుడు ఆ ఊరే ఎట్లా అడిగినావు?"

అతను చొక్కా లోపలి జేబులోంచి పోస్టుకార్డు తీశాడు. చెమటకు తడిసి, ఆరి, మళ్ళీ తడిసి అంచులు మెత్తబడ్డాయి. ఆమె దాన్ని తీసుకుని చూరు కిందనుంచి వెలుతురులోకి పోయింది. మూడో తరగతి దాకా చదువుకున్న మనిషి, అక్షరం అక్షరం కూడబలుక్కుంది. ఎవరిచేతనో రాయించిన ఉత్తరం.

'కాంపౌండరప్పకు అటెండరు ఎర్రప్ప దండాలు. మన ఊరికి కరువు పని వచ్చింది. కొత్త రోడ్డుకు మట్టి కావాలని వంకగట్టు కొలిచి గూటాలు కొట్టినారు. పాప ఉన్న చోటు ఆ గూటాల లోపలే పడింది. ఆ చోటు నాకు తప్ప ఎవరికీ తెలీదు. ఉగాది పోయినాక మట్టి ఎత్తుతారంట. నాకు కాళ్ళు పడిపోయి మంచం మీద ఉండాను, పోయి అడ్డం నిలబడలేను. మీరు వస్తే మంచం మీద మోయించుకుని పోయి అయినా చూపిస్తాను. తొందరగా రండి.'

"ఎప్పుడు వచ్చింది ఇది?"

"సంక్రాంతి పోయిన పది దినాలకి. మందులు తెచ్చేదానికని అనంతపురం పోయినా చూడు, అది దీనికే. ఆ ఊరు ఎవురూ కోరుకోరు, వెంటనే ఇస్తారనుకున్నా. కాగితం నిన్న వచ్చింది. చేరినాక చిన్నగా నీకు చెప్పి..."

"ఉగాది పోయి ఈ పొద్దుకి నాలుగు దినాలు."

"తెలుసు."

"నువ్వు పదైదు దినాలకి గంప అల్లించినావు."

ముత్యాలప్ప గంపను ఇంకొంచెం పక్కకు జరిపాడు. ఉత్తరం వచ్చిన రోజే ఒంటరిగా బస్సెక్కి పోయి ఉండాల్సింది. ఎక్కలేకపోయాడు. కాగితం వస్తే, ఉద్యోగం పిలిస్తే, సామానుతో, పెళ్ళాంతో, కోళ్ళతో పోతే ఆ ఊళ్ళో అడుగు పెట్టగలననుకున్నాడు. అది ఆమెకు చెప్పకుండానే అర్థమైంది. అర్థమైనందుకు కోపం తగ్గలేదు.

ఆమె తల పైకెత్తి పిలిచింది. "పెద్దనాయనా, మధ్యాన్నం రాయదుర్గం బస్సు పోయిందా?"

బుడేన్ సాబు పిట్టగోడ మీదుగా ముఖం పెట్టాడు. విన్నాడో లేదో ముఖం మీద తెలియనివ్వలేదు. చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టి రోడ్డువైపు చూశాడు. "ఇంకా రాలేదమ్మా. దూరంగా దుమ్ము లేస్తాండాది. అదే అయ్యింటాది."

"ఆ రెండిటికీ నీళ్ళు చూసుకో పెద్దనాయనా. ఎప్పుడొస్తానో తెలీదు."

రాయదుర్గం, అక్కడినుంచి కళ్యాణదుర్గం, అక్కడినుంచి కంబదూరు. మూడు బస్సులు. చీకటిలోగా దొరికితే దొరికినట్టు. కదిరమ్మ లోపలికి పోయి ట్రంకుపెట్టె జోలికి పోలేదు. కొంగు బిగించి, కార్డును రవికెలో దోపుకుని, చెప్పులు తొడుక్కుంది. ఏడేళ్ళలో మొదటిసారి, ఏ ఊరికి పోవాలో ఆమెకు ఇంకొకరు చెప్పలేదు.

గడప దాటి, వీధిలో రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. ముత్యాలప్ప ఇంకా జగిలి మీదే ఉన్నాడు, గంప పక్కన.

"వస్తాండావా?" అంది. "లేకుంటే ఈసారి గూడా దారిలో కూచుంటావా?"

అతను లేవడానికి రెండు చేతులూ అరుగు మీద ఆనించాడు. కాళ్ళు లేవలేదు. రోడ్డు మలుపులో బస్సు హారను మోగింది. కదిరమ్మ అప్పటికే నడుస్తోంది.